ఆట దిగడం

పోయిన నెల డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. అరవై దాటిన ఆడదానికి కోపం వస్తే దాన్ని ఎవరూ కోపం అనరు, బీపీ అంటారు. అందుకని అక్కడ నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. నేను చేసిన నేరమేమిటంటే, రోజూ సాయంత్రం షటిల్ ఆడతాను. బెజవాడలో బెంజ్ సర్కిల్‌కు రెండు సందుల అవతల రేకుల కప్పు కింద నాలుగు కోర్టులున్నాయి, ఆరున్నర నుంచి ఎనిమిది దాకా వాటిలో ఒకటి మా ఆడవాళ్ళది. ఏదో కాలక్షేపానికి ఆడే ఆట కాదు, చెమట పిక్కల మీదుగా కారి బూట్లలోకి దిగే ఆట. గుమాస్తా ఉద్యోగం నుంచి రిటైరైన వారానికే మొదలుపెట్టాను, ఇంతవరకూ ఏ ముగ్గురు నలుగురో తప్ప నన్ను సులువుగా ఓడించినవాళ్ళు లేరు. అయితే ఈ మధ్య రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది. ఆ మాట నోరు జారి మా అబ్బాయి మురళి దగ్గర అన్నాను. వాడూ కోడలూ నాతోనే ఉంటారు, వాడి ఉద్యోగం గన్నవరంలో. ఏ సమస్య వచ్చినా ఒక వస్తువు కొనడం వాడి పద్ధతి. మర్నాడే ఒక గడియారం తెచ్చి నా మణికట్టుకు కట్టాడు. అది టైము చెప్పి ఊరుకోదు. రాత్రి ఎంతసేపు పడుకున్నానో, ఎన్నిసార్లు దొర్లానో చూసి పొద్దున్నే మార్కులు వేస్తుంది. పదో తరగతి లెక్కల పరీక్షలో కూడా నాకు అంత తక్కువ రాలేదు.

డాక్టరుగారు చిన్నవాడు, మర్యాదస్తుడు. గడియారం వేసిన మార్కులన్నీ మురళి ఫోన్లో చూశాడు. "సాయంత్రం అంత గట్టిగా ఆడితే ఒళ్ళు వేడెక్కి ఉంటుందండీ, నిద్రెలా పడుతుంది? మానేయండి. పొద్దున్నే పార్కులో ఓ అరగంట నడవండి చాలు," అన్నాడు. పొద్దున్నే మా వాళ్ళెవరూ ఆడరండీ అన్నాను. "ఆడమనట్లేదండీ, నడవమంటున్నాను," అని నవ్వాడు. పక్క కుర్చీలో మురళి కూడా నవ్వాడు. నాకు మండింది ఆ నవ్వు దగ్గరే. ఆట ఎనిమిదింటికి అయిపోతుంది, నేను మంచమెక్కేది పదకొండింటికి. ఆ మూడు గంటలూ ఏం చేస్తావు తల్లీ అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నేను పావడా కట్టుకునే రోజుల్లో ఒక ముసలావిడ నన్ను మొట్టమొదట అడిగింది ఆ ప్రశ్నే. ఆవిడకు అక్షరం ముక్క రాదు. ఆవిడ మా నాయనమ్మ.

మాది బందరు కాలవ పక్కన నేతవాళ్ళ ఊరు. ఇంట్లో రెండు గుంట మగ్గాలుండేవి, ఒకదాని మీద నాన్న, రెండోదాని మీద అమ్మ. ఆ రెండింటికీ కావలసిన నూలు కండెలన్నీ నాయనమ్మ రాట్నం మీద చుట్టేది. ఆవిడ చెయ్యి ఆగితే రెండు మగ్గాలూ ఆగేవి. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాన్నకు ఇంకా బాగా తెలుసు. కొత్త నూలు వాసన, మగ్గం గుంటలో తడిమట్టి వాసన, నాయనమ్మ తలకు రాసుకునే ఆముదం వాసన, వీటన్నిటికీ అడుగున ఒక పుల్లటి గంజి వాసన ఎప్పుడూ ఉండేది. అది మా బట్టలకూ పుస్తకాలకూ కూడా అంటుకునేది. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల నా నోటుబుక్కు వాసన చూసి, ఇవాళ మీ ఇంట్లో పడుగు పెట్టారా అని అడిగేది. నాన్న మెతక మనిషి. గట్టిగా మాట్లాడేవాడు కాదు. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అన్న భయం మాత్రం ఆయనకు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఉండేది.

పడుగు సంగతి చెప్పకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. చీరలో నిలువునా ఉండే పోగులన్నిటినీ కలిపి పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దానికి గంజి పట్టించాలి, లేకపోతే నేసేటప్పుడు పోగులు తెగుతాయి. ఇంట్లో అంత చోటెక్కడ, అందుకని వీధే మా కార్ఖానా. తెల్లవారుజామున వీధి పొడవునా కర్రల మీద పడుగును బిగించి పరిచి, గంజి పూసి, పెద్ద పెద్ద కుంచెలతో ఆ చివర నుంచి ఈ చివరకు దువ్వుకుంటూ నడిచేవాళ్ళు. ఎండ ముదరకముందే పని అయిపోవాలి. ముదిరితే గంజి సమంగా పట్టదు, పోగు పెళుసవుతుంది. అందుకే ఒకరి పడుగుకు నాలుగిళ్ళవాళ్ళు సాయం వచ్చేవాళ్ళు. తెగిన పోగులు వెతికి ముడెయ్యడం పిల్లల పని, సన్నటి వేళ్ళు మావే కదా. నాలుగున్నరకే మమ్మల్ని లేపేవాళ్ళు. రాత్రి నిద్రపోనివాళ్ళ సంగతి ఆ పోగుల దగ్గర బయటపడేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడికి కొత్త డ్రిల్లు టీచరుగారు వచ్చారు. ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళతో సరిపెట్టుకోవక్కర్లేదని చెప్పి, కాలవ ఒడ్డున ఇసకలో గీతలు గీసి మా చేత కబడ్డీ ఆడించడం మొదలుపెట్టారు. ఆవిడ కబడ్డీ అనేవారు, మేం చెడుగుడు అనేవాళ్ళం. బడి వదిలిన దగ్గర నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఆట. ఒక్క ఊపిరితో కూత పెట్టుకుంటూ అవతలి బరిలోకి దూరి, ఏడుగురి మధ్య ఒకరిని తాకి, పన్నెండు చేతులు తప్పించుకుని గీత దాటి పడటం. మోకాళ్ళు చీరుకుపోయేవి, నోట్లో ఇసక కరకరలాడేది. ఎవరి అనుమతీ అడక్కుండా నేను జీవితంలో దేన్నయినా ప్రేమించానంటే అది ఆ ఇసకనే. నెల తిరిగేసరికి జట్టులో ముందు కూతకు నన్నే పంపేవాళ్ళు. జిల్లా ఆటల పోటీలు బెజవాడలో అని టీచరుగారు చెప్పిన రోజున నేను ఇంటిదాకా నేల మీద నడిచానో లేదో గుర్తులేదు.

ఇంటికి వచ్చాకే అసలు గొడవ. పొయ్యి మీంచి అప్పుడే దించిన ఎసరులా సలసల కాగుతూ వచ్చి పడేదాన్ని. వచ్చీ రాగానే కుండలో చల్లటి నీళ్ళు రెండు చెంబులు గటగటా తాగేదాన్ని. నూతి దగ్గర చన్నీళ్ళు గుమ్మరించుకునేదాన్ని. ఆ ఆకలికి పళ్ళెం నిండా వేడన్నం, గోంగూర, పప్పు, మళ్ళీ అన్నం. తర్వాత చెల్లెలు చిట్టికి ఆ రోజు ఆటంతా చేతులతో కాళ్ళతో చూపించి, చాప మీద పడేదాన్ని. కళ్ళు మూస్తే ఏడుగురూ ఎదురుగా నిలబడేవాళ్ళు. ఎప్పటికో కునుకు పడితే అందులో కూతలు, తన్నులు. "నాన్నా, అక్క రాత్రి నన్ను మూడుసార్లు అవుట్ చేసింది," అని చిట్టి పొద్దున్నే ఫిర్యాదు చేసేది. ఆ పిల్ల పక్కటెముకల మీద నిజంగానే కమిలిన మచ్చలుండేవి. ఇంటిల్లిపాదికీ నవ్వు వచ్చింది కాబట్టి అప్పటికి బతికిపోయాను.

నవ్వులాట ఆగిపోయింది ఒక పెళ్ళి చీరల పడుగుతో. తెల్ల ఒళ్ళు, ఎర్ర అంచు. ఆ తెల్లవారుజామున నిలబడే నిద్రపోతున్నాను. అంచు దగ్గర ఒక ఎర్ర పోగు, దాని పక్కనే ఒక తెల్ల పోగు తెగి ఉన్నాయి. ఎర్రదాన్ని తెల్లదానికి, తెల్లదాన్ని ఎర్రదానికి ముడేసి ముందుకు పోయాను. గంజి పట్టించేటప్పుడు ఎవరూ చూడలేదు. మగ్గం ఎక్కాక, నాన్న బారెడు నేసి లేచి నిలబడి చూసుకుంటే, ఎర్ర అంచులో తెల్ల గీత, తెల్ల ఒంటి మీద ఎర్ర గీత. ఆ ముడి ఎవరిదో అడగాల్సిన పని లేకపోయింది. ఆయన ఆ బారెడూ విప్పి పోగులు మళ్ళీ ముడేసుకున్నాడు, అరపూట పట్టింది. మగ్గం దిగాక అన్నాడు, "రాత్రంతా కూతలు, పొద్దునే కునుకులు. ఇంక ఆట చాలమ్మా. రేపణ్ణించి బడి వదలగానే ఇంటికి రా." బెజవాడ అని నా నోట్లోంచి సగం మాట వచ్చింది. "బెజవాడా లేదు, ఏం లేదు. నిద్ర లేని పిల్లతో ఈ ఇంట్లో పని సాగదు."

నాయనమ్మ రాట్నం తిప్పుతూనే ఉంది. "ఆట ఎన్నింటికి అవుద్దే?" అంది నన్ను. దీపాలు పెట్టే వేళకన్నాను. "పడుకునేది?" తొమ్మిదింటికన్నాను. "మధ్యలో ఏం చేస్తావు?" చెంబు నీళ్ళ దగ్గర నుంచి చిట్టికి చెప్పే కబుర్ల దాకా మొత్తం ఏకరువు పెట్టాను. అప్పుడు రాట్నం ఆపింది.

"దీనికి ఆట ఎక్కడం వచ్చురా సాంబా, దిగడం రాదు," అంది నాన్నతో. "నువ్వు మగ్గం దిగేటప్పుడు ఏం చేస్తావు? బిగించిన పడుగుని అట్టాగే వదిలేసి లేచొస్తావా?"

"వదులు చేసి లేస్తాను. లేకపోతే తెల్లారేసరికి పోగులు తెగవూ," అన్నాడు నాన్న.

"మరి పిల్లని బిగించింది బిగించినట్టే పడుకోబెడితే నిద్రెట్టా పట్టుద్ది? ఎలుక మీద కోపానికి ఇల్లు తగలెట్టుకుంటావేంటి, నిద్ర కోసం ఆట మానిపిస్తావా. పది రోజులు దాన్ని నాకొదిలెయ్. రాత్రి ఒక్క కూత వినపడినా, పొద్దున ఒక్క ముడి తప్పినా నేనే మానిపిస్తా. ఏదీ లేకపోతే దాన్ని బెజవాడ పంపాల."

నాన్న సరేనన్నాడు. పది రోజుల్లో నాకు నిద్ర రాదని ఆయన ధీమా అయి ఉంటుంది. ఆ సరే అన్న మాట మీద నా ప్రాణమంతా వేలాడింది.

మర్నాడు ఆట నుంచి పరుగెత్తుకుంటూ వస్తుంటే వీధి మొదట్లోనే నాయనమ్మ నిలబడి ఉంది. ఇంట్లోకి పోనివ్వలేదు. పద, కాలవ లాకుల దాకా పోయొద్దాం అంది. ఆవిడది చీమ నడక. నేను రెండంగలు ముందుకేస్తే జాకెట్టు కొస పట్టుకుని వెనక్కి లాగేది. "ఎవడూ తరమట్లేదే నిన్ను," అనేది. లాకుల దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి నా ఊపిరి ఆవిడ నడకకు సరిపోయేది. ఇంటికొచ్చాక నీళ్ళ చెంబు నా చేతికివ్వకుండా తనే పట్టుకుని గుక్కకూ గుక్కకూ మధ్య ఆపేది. అరుగు మీద చెమట ఆరేదాకా కూర్చోవాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళ స్నానం. చన్నీళ్ళు పోస్తే పడుకోబోయే ఒళ్ళు ఉలిక్కిపడి మళ్ళీ లేస్తుందట. పెద్ద భోజనం ఆటకు ముందుకు మార్చింది, బడి వదలగానే ఇంటికొచ్చి పప్పన్నం తిని పోవాలి. ఆట అయ్యాక ఉల్లిపాయ ముక్కతో ఇంత మజ్జిగన్నం, అంతే. కడుపు నిండితే కన్ను మూతపడుతుందని నేననుకునేదాన్ని. "కడుపుకి పని పెడితే కన్ను కాపలా కాస్తదే," అనేది ఆవిడ.

అన్నం తిన్నాక బల్బు ఆర్పేసి, మూలన చిన్న దీపం ఉంచి, చిక్కుపడ్డ నూలు నా ఒళ్ళో పడేసేది. తియ్యి అనేది. తొందరపడితే చిక్కు బిగుసుకుంటుంది, మెల్లగా పోతేనే వదులుతుంది. వేళ్ళకు తప్ప ఇంక దేనికీ పని లేదు. ఆట ఊసెత్తితే మాత్రం చంపేసేది. "గెలిచిందీ ఓడిందీ రేపు పొద్దున చెప్పు. రాత్రి చెబితే మళ్ళీ ఆడినట్టే." చిట్టికి ఈ నియమం అన్నిటికంటే నచ్చింది. ఆఖరున చాప మీద పడుకోబెట్టి, అరికాళ్ళకు ఆముదం రాస్తూ, "ఇప్పుడు కూత పెట్టు, గొంతు లేకుండా," అనేది. అంటే ఒక్క ఊపిరి తీసుకుని, బరిలో ఎంత పొడుగ్గా కూత పెడతానో అంత పొడుగ్గా, చప్పుడు లేకుండా వదలాలి. ఇసకలో ఆ ఊపిరిని బిగబట్టి గెలిచేదాన్ని. చాప మీద అదే ఊపిరిని వదలడం నేర్చుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మొదటి రెండు రాత్రులూ నిద్ర నటించానని ఒప్పుకుంటున్నాను. నటన నాయనమ్మ దగ్గర చెల్లలేదు. "నిద్రపోయేవాళ్ళ కాలి వేళ్ళు అట్టా బిర్రబిగుసుకుని ఉండవే," అని అరికాలి మీద ఒక్కటిచ్చి పోయింది. మూడో రాత్రి ఎన్ని ఊపిర్లు వదిలానో తెలియదు, చిట్టి నన్ను కుదుపుతూ పడుగు పెట్టారు లే అంటోంది. మధ్యలో ఏమీ లేదు. అంత నల్లటి, అంత నిండైన నిద్ర. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ సామెత కట్టినవాడు సాయంత్రం ఏడుగురి మధ్యలోంచి తప్పించుకొచ్చి మజ్జిగన్నం తిని పడుకుని ఉండడు. నిద్ర సుఖం నాకు బాగా తెలుసు. ఆ పది రోజుల్లో మూడు పడుగులకు ముడులు వేశాను, ఒక్కటీ తప్పలేదు. ఆటలో కూడా మోకాలి నొప్పులు తగ్గాయి, కూత ఇంకో రెండడుగులు సాగింది. చిట్టి కూడా నాన్న దగ్గరకు పోయి, అక్క తన్నట్లేదు అని సాక్ష్యం చెప్పింది.

బెజవాడ బస్సెక్కే ముందు రోజు సాయంత్రం నేను మడత పెట్టుకున్న బట్టల సంచి చూసి నాన్న, అది విప్పెయ్యమ్మా అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. నిద్రపోయాను కదా నాన్నా అన్నాను. "నిద్ర సంగతి కాదు," అని తల తిప్పుకున్నాడు. మరి ఏ సంగతో చెప్పలేదు. ఆ రాత్రి నాకు కోపం గొంతు దాకా వచ్చింది. నాయనమ్మ నా అరికాళ్ళకు ఆముదం రాస్తూ, "పడుకో. కోపం కూడా రేపు పొద్దునకే," అంది. నమ్ముతారో లేదో, పడుకున్నాను.

తెల్లారితే వీధిలో ఉన్నది మా పడుగే. బిగించడం అయిపోయింది, కుంచెలు పట్టుకుని నలుగురూ నిలబడ్డారు. గంజి కాచేది ఎప్పుడూ నాయనమ్మే. ఆవిడ అరుగు మీద కుండ పక్కన కూర్చుని, మూత మీద అరచెయ్యి పెట్టి, కదల్లేదు.

"అమ్మా, గంజి," అన్నాడు నాన్న.

"ఇయ్యను."

"ఏంటి?"

"పది రోజుల కిందట నాకో మాట ఇచ్చావు. అది ఉందో లేదో చెప్పు. ఉంటే గంజి ఉంది."

"ఇప్పుడా అది? పొద్దెక్కుతుంది."

"ఎక్కనీ."

వీధి వీధంతా వింటోంది. నేను చేతిలో ముడెయ్యబోయిన పోగు పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాన్న గొంతు తగ్గించి, "పిల్లకి వయసొచ్చిందమ్మా. ఊరుగాని ఊళ్ళో, జనం ముందు గెంతితే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు," అన్నాడు.

"అది ముందు చెప్పాల్సింది," అంది నాయనమ్మ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "నిద్ర లేదని మానమన్నావు. నిద్రపోయి చూపించింది. ఇప్పుడు వయసంటన్నావు. దానికీ ఏదో చెబితే ఇంకోటి అంటావు. ఇట్టా ఎన్ని దాటాలి అది?"

ఎదురింటి పెంకుల మీద వెలుతురు పడింది. సాయం వచ్చిన కోటయ్య బాబాయి, "ఒరేయ్ సాంబయ్యా, పంపించరా బాబూ. నీ పడుగు ఎండిపోయేట్టుంది," అన్నాడు. నాన్న నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది, అది ఇప్పుడు తెలుస్తోంది. "ఎన్నింటికి బస్సు?" అని అడిగాడు. ఏడున్నరకన్నాను. నాయనమ్మ మూత తీసింది. ఆ పడుగులో తెగిన పోగులన్నీ ముడేసి, ఆఖరి ముడి రెండోసారి చూసుకుని, చేతులకు గంజితోనే పరుగెత్తి బస్సెక్కాను.

బెజవాడలో ఒక ఆట గెలిచాం, రెండోది ఓడాం. మమ్మల్ని ఓడించిన పిల్లలు మాకంటే అడుగు పొడవు, అయినా వాళ్ళలో ముగ్గురిని నేను తాకి వచ్చాను. ఆ రాత్రి ఏదో బడి గదిలో ముప్ఫై మంది పిల్లలం, ఒకటే కేరింతలు. నేను ఆవరణ చుట్టూ చీమ నడక నడిచి, చెమట ఆర్చుకుని, ఒక మూలన పడుకుని గొంతు లేని కూత మొదలుపెట్టాను. టీచరుగారు జ్వరమేమోనని నా నుదురు పట్టుకు చూశారట, అది కూడా నాకు తెలియదు. ఇంటికి తిరిగొచ్చాక నాన్న గెలుపోటములు అడగలేదు. "నిద్ర పట్టిందా?" అని అడిగాడు. పట్టింది నాన్నా అన్నాను. ఆయనకు క్షమాపణ చెప్పడం వచ్చిన పద్ధతి అదేనని నేననుకుంటాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆడాను. పదో తరగతి కాగానే ఆట ఆగింది. అప్పటికి గంజి కుండ మీద చెయ్యి పెట్టే మనిషి పోయింది.

డాక్టరుగారి దగ్గర నుంచి వచ్చిన సాయంత్రం ఆ మూడు గంటలూ ఏం చేస్తున్నానో నన్ను నేనే అడుక్కున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది. కోర్టులో ఆఖరి షటిల్ కింద పడగానే స్కూటీ ఎక్కి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో హారన్ కొట్టుకుంటూ రావడం. ఫ్రిజ్‌లో సీసా ఎత్తి తాగడం. షవర్ కింద చన్నీళ్ళు. తొమ్మిదిన్నరకు నాలుగు చపాతీలు, కూర, దానిపైన పెరుగన్నం. తర్వాత తెల్లటి ట్యూబులైటు కింద మంచం మీద కూర్చుని, మా ఆటగత్తెల వాట్సాప్ గ్రూపులో ఆ షటిల్ గీత లోపల పడిందా బయట పడిందా అని పదకొండింటి దాకా వాదన. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దిగడం మర్చిపోయింది నేనైతే నేరం ఆట మీద పడింది. తప్పు నాది. అయితే ఆ తప్పుకు శిక్షగా పార్కులో నడవమంటే మాత్రం నడవను.

మర్నాటి నుంచి మార్చాను. కోర్టు బయట సందులో రెండు చుట్లు చీమ నడక నడుస్తాను, మా జట్టులో ఇద్దరు ఇప్పుడు నాతో నడుస్తున్నారు. నీళ్ళు గుక్కకూ గుక్కకూ ఆపి తాగుతాను. అయిదింటికే భోజనం చేసి వెళ్తాను, రాత్రి మజ్జిగన్నం. గీజర్ నీళ్ళు గోరువెచ్చగా. ఫోను కోడలు సునీత దగ్గర పెట్టేస్తాను, షటిల్ ఎక్కడ పడిందో పొద్దున చూసుకుంటాను. చిక్కు తీయడానికి నూలు లేదు కాబట్టి చిక్కుడుకాయల ఈనెలు తీస్తాను, మర్నాటి కూరకు పనికొస్తాయి. మొదటి రెండు రాత్రులు కుదరలేదు, మూడో రాత్రి నుంచి కుదిరింది. పది రోజులయ్యాక గడియారం నాకు ఫస్టు క్లాసు వేసింది. నిన్న పొద్దున అది తీసుకెళ్ళి మురళికి చూపించాను. వాడు సంతోషిస్తాడనుకున్నాను. "మార్కుల సంగతి కాదమ్మా," అన్నాడు. "పడితే ఎవరు చూస్తారు? అయినా ఈ వయసులో ట్రాక్ ప్యాంటేసుకుని ఆ గెంతులేంటి. మా ఆఫీసులో ఒకాయన చూసి అడిగాడు కూడా, మీ అమ్మగారేనా అని. రాత్రికి కూర్చుని మాట్లాడదాం, ఈ సంగతి తేల్చేద్దాం."

ఆ మాటకు నాకు ఆశ్చర్యం వేయలేదు, అలసట వేసింది. పదమూడేళ్ళప్పుడు వయసొచ్చింది ఆడకూడదన్నారు. ఇప్పుడు వయసైపోయింది ఆడకూడదంటున్నారు. ఆ రెంటికీ మధ్య ఇన్నేళ్ళున్నాయి, వాటిలో ఒక్క ఏడాదిలోనైనా ఇది నీకు ఆడుకునే వయసు, పోయి ఆడుకో అని నాతో ఎవరూ అనలేదు. పెళ్ళయిన కొత్తలో అనలేదు, బిడ్డ పుట్టాక అనలేదు, ఆఫీసు నుంచి ఆరింటికి వచ్చి కూరలు తరిగిన ఇరవై ముప్ఫై ఏళ్ళలో ఒక్క సాయంత్రమూ అనలేదు. అప్పట్లో నేను సరిగ్గా నిద్రపోయిన రాత్రులు తక్కువ, అప్పుడు ఎవరూ గడియారం కొని తేలేదు. మురళి చెడ్డవాడు కాడు. నాన్న కూడా చెడ్డవాడు కాడు. ఇద్దరికీ నా మీద ప్రేమ ఉంది, ఇద్దరికీ నలుగురంటే భయం. పడతానేమో, నిజమే. స్నానాల గదిలో కూడా పడతాను, అది మానేయమని ఎవరూ అనరు.

నిన్న సాయంత్రం మామూలుగానే కోర్టుకెళ్ళాను. రెండు ఆటలు గెలిచి, ఒకటి ఓడి, సందులో రెండు చుట్లు నడిచి ఇంటికొచ్చాను. మురళి ఇంకా రాలేదు. వచ్చేదాకా మేలుకుని ఉండి ఏమేం అనాలో కూర్చుకుందామని ఒక నిమిషం అనిపించింది. అనాల్సినవి చాలా ఉన్నాయి. మజ్జిగన్నం తిని, ట్యూబులైటు ఆర్పేసి, గొంతు లేని కూత మొదలుపెట్టాను.

పొద్దున కాఫీ ఇస్తూ సునీత చెప్పింది. "మీ అబ్బాయి రాత్రి తొమ్మిదిన్నరకి మీ గదిలోకి వెళ్ళారండీ అత్తయ్యగారూ. కుర్చీ లాక్కుని కూర్చుని రెండుసార్లు పిలిచారు. మీరు పలకలేదు."

"ఎంతసేపు కూర్చున్నాడు?"

"పావుగంట పైనేనండీ. నేను వెళ్తే, లేపనా అని నన్నడిగారు. మీ ఇష్టం, ఆవిడ మాత్రం గాఢంగా నిద్రపోతున్నారన్నాను."

"ఏమన్నాడు?"

"ఏమనలేదండీ. ఫ్యాను ఒక పాయింటు తగ్గించి వచ్చేశారు."

నాన్నకు జవాబు చెప్పడానికి నా తరఫున నాయనమ్మ వీధిలో కూర్చోవలసి వచ్చింది. నా కొడుక్కి నేను నోరు తెరిచి ఒక్క మాట కూడా చెప్పలేదు. పడుకున్నాను, అంతే.